మిరియాలు వెయ్యని కర్పూరం

ఆగస్టు 18, సోమవారం

ఏడాదిగా మూలన పడేసిన ఈ నోట్‌బుక్కు ఈరోజు దులిపి తీశాను. జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది.

మా ల్యాబ్ పెద్ద మురళీధర్ గారు తన గదికి పిలిచి చూపించారు. మర్యాదగానే రాశారు మహానుభావులు. మర్యాదగా రాసిందే ఎక్కువ మండుతుంది. "మీరు చెప్పినట్టే వెండి పొర చేశాం, చెప్పినట్టే లాగి పగులు తెప్పించాం. ఎనిమిదిసార్లు చేశాం. ఒక్కసారి కూడా పగులు మానలేదు. మీరు వ్యాసంలో రాయనిది ఇంకేమైనా చేస్తున్నారా?" అని అడిగారు.

ఏం చేస్తున్నాం? ఏమీ చెయ్యడం లేదు. వెంట్రుకలో వెయ్యో వంతు మందం కూడా లేని వెండి పొర అది. మినప్పప్పు బద్దంత లోహపు జల్లెడ, అదే గ్రిడ్డు మీద పరిచి, హోల్డర్‌కి బిగించి, మైక్రోస్కోపులో పెట్టి లాగుతాం. పగులు వస్తుంది. లాగడం ఆపి చూస్తూ కూర్చుంటాం. పదకొండు నిమిషాల్లో ఆ పగులు దానంతటదే మానుతుంది. రెండేళ్ళ కిందట మొదటిసారి మానిన రోజు మా రీసెర్చి స్కాలరు నీహారిక నా భుజం పట్టుకుని "అన్నా, మానుతుంది అన్నా! మానుతుంది!" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఇప్పటికి ముప్ఫై ఒక్కసార్లు మానింది. ముప్ఫై ఒక్కసార్లూ హోల్డర్ పట్టింది నేనే.

"దేవరాజులుది హస్తవాసి అయ్యా" అని అప్పుడే అన్నారు మురళీధర్ గారు. ఆ మాట ఇన్‌స్టిట్యూట్ అంతా పాకింది. హస్తవాసి డాక్టర్లకు ఉంటుందని విన్నాం గానీ మైక్రోస్కోపు ఆపరేటర్‌కి ఉంటుందని ఎవరైనా విన్నారా? నవ్వేశాను. నవ్వుతూనే ఇంటికెళ్ళి రాజలక్ష్మికి రెండుసార్లు చెప్పాను.

ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా పేరు ఎప్పుడూ వ్యాసాల అడుగున, కృతజ్ఞతల్లో ఉండేది. కరెంటు పోకుండా చూసినవాడికీ నాకూ ఒకే వాక్యం. ఈ ఒక్క వ్యాసంలోనే పైన, ఐదో పేరుగా ఎక్కింది. దాని జిరాక్సు బీరువాలో మా అమ్మాయి ప్రణతి బర్త్ సర్టిఫికెట్ కింద ఉంది.

జర్మనీ వాళ్ళకి చెయ్యి తిరగలేదు. అంతే.


ఆగస్టు 19

మళ్ళీ చేసి చూపించాలట. ఈసారి నీహారిక ఒక్కతే, కొత్త డబ్బా గ్రిడ్లతో, తన చేత్తో చెయ్యాలట. నన్ను పక్కన నిలబడమన్నారు.

"ఒకడి చేతిలోనే జరిగితే దాన్ని సైన్సు అనరు దేవరాజులూ, గారడీ అంటారు" అన్నారు మురళీధర్ గారు.

ఆ పిల్లకి టైము లేదు. సెప్టెంబరు ఆఖరుకి థీసిస్ ఇవ్వాలి. ఆరేళ్ళు అయిపోయాయి, ఇక పొడిగింపు లేదు. ఐదు అధ్యాయాల్లో మూడు ఈ పగులు మానడం మీదే నిలబడ్డాయి. అది పోతే ఆరేళ్ళూ పోయినట్టే.

పోదు. నేనున్నాను కదా.


ఆగస్టు 22, శుక్రవారం

స్వామికి బిళ్ళ పెట్టాను.

ఇది రెండేళ్ళ అలవాటు. ల్యాబ్‌లో మంట పనికిరాదని సేఫ్టీ ఆఫీసరు రూలు పెట్టి, ఆయుధపూజ హారతిని మైక్రోస్కోపు ముందు నుంచి వరండాలోకి తరిమేశాడు. మిషనుకి హారతి లేకపోవడం నాకు మనసొప్పలేదు. వెలిగించకూడదన్నారు గానీ పెట్టకూడదనలేదుగా! అప్పటినుంచి ప్రతి శుక్రవారం నా డ్రాయర్‌లో, హోల్డరూ గ్రిడ్ల డబ్బా ఉండే చోట, వినాయకుడి బొమ్మ ముందు ఒక కర్పూరం బిళ్ళ పెడతాను. వచ్చే శుక్రవారానికి అది ఉండదు.

"స్వామి తీసుకున్నాడు" అంటాను నీహారికతో.

"ఆ స్వామికి సబ్లిమేషన్ అని ఇంకో పేరుందన్నా. తొమ్మిదో తరగతిల చెప్పిన్రు" అంటుంది.

హనుమకొండ పిల్ల. ల్యాబ్‌లో నాతో తెలుగు మాట్లాడేది ఈ పిల్లా, మురళీధర్ గారూ. ఈ పిల్ల మాట వింటే చెవికి కొత్త, మనసుకి పాత. మా ఇంట్లో ప్రణతికి తెలుగు మాట్లాడటమే సగం, చదవడం సున్నా. రాజలక్ష్మి అరవబడిలో చదివింది. ఈ నోట్‌బుక్కు నడింట్లో తెరిచి పెట్టినా చదివే దిక్కు లేదు. అదొక సుఖం.


ఆగస్టు 26

మానలేదు. గంటసేపు చూశాం. పగులు పగులులాగే ఉంది.


ఆగస్టు 29, శుక్రవారం

మానలేదు. బిళ్ళ పెట్టాను.


సెప్టెంబరు 3

మూడోసారి కూడా మానలేదు. లైటు వేశాక నీహారిక తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"నా చెయ్యే మంచిది కాదేమో అన్నా."

"ఛ, అదేం మాటమ్మా" అన్నాను. అన్నాను గానీ లోపల ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఇది రాయకూడదు. రాస్తున్నాను.


సెప్టెంబరు 5

ఈరోజు నన్ను చెయ్యమన్నారు. నా డ్రాయరు, నా డబ్బా, నా చెయ్యి. తొమ్మిది నిమిషాల్లో మానింది. అంచులు మబ్బులా కమ్ముకుంటూ వచ్చి కలిసిపోయాయి. మురళీధర్ గారు చప్పట్లు కొట్టి "చూశావా! జర్మనీ వాడికి నిన్ను ఎగుమతి చెయ్యాలయ్యా" అన్నారు.

నీహారిక నవ్వలేదు. తెర మీద ఆ మూసుకున్న చోటునే చూస్తూ నిలబడింది.

"అన్నా, మీరేం చేస్తున్నరు? నేనేం చేస్తలేను?"

నాకేం తెలుసు? వంట వచ్చినవాళ్ళని ఉప్పు ఎంత వేశావంటే చెప్పగలరా?


సెప్టెంబరు 8, సోమవారం

నిన్న రాత్రి గ్రహణం. పొద్దున్నే రాజలక్ష్మి ఇల్లు కడిగి, పూజ అలమర ఖాళీ చేసి తుడుస్తోంది. నేను లంచ్ బాక్సు పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాను.

"ఏమండీ, ఈ డబ్బాలో కర్పూరం ఏడ పోయింది? ఆడిమాసంలో నిండుగా తెచ్చి పెట్టినా కదా!"

"నాన్ తొడవే ఇల్లమ్మా" అని, తను ముట్టుకోనే లేదని అరవంలో చెప్పింది ప్రణతి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"మిరియాలు వేసి మూత పెట్టమని మీతో చెప్తిని. వేసినారా? వెయ్యలా! చూడండి, అంతా గాలికి పోయుండాది."

"గాలికి పోతే ఏడికి పోతుందిలే" అన్నాను నవ్వుతూ.

"ఏడికో పోతుంది. లేకుండా ఎట్ల పోతుంది?" అని కింది అరలోంచి నా పట్టుపంచె తీసి ముక్కు దగ్గర పెట్టింది. "ఇంద, వాసన చూడండి. అంతా దీనికే పట్టుకోనుండాది."

వాసన చూశాను.

తొండియార్‌పేటలో మెట్రో ఎక్కాను. దిగవలసిన స్టేషను దాటిపోయింది. మీనంబాక్కం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇరవై నాలుగేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

డ్రాయరు తెరిచాను. గ్రిడ్ల డబ్బా మూత ఏనాడూ సరిగా పట్టదు. రెండేళ్ళు, వారానికో బిళ్ళ. నూరు బిళ్ళలు. ఏ స్వామీ తీసుకోలేదు.

కూర్చుని నింపాదిగా ఆలోచించాను. కర్పూరం ఆవిరై గ్రిడ్డుకి పట్టుకుంటుంది. ఆ గ్రిడ్డు మీద వెండి పొర పరుస్తాం. మైక్రోస్కోపులో పెడతాం. చూడాలంటే ఎలక్ట్రాన్ల బీమ్ దాని మీద పడాలి. బీమ్ పడ్డచోట కర్పూరం విరిగి కార్బన్ మిగులుతుంది. కార్బన్ అంటే మసి. ఆ మసి వెళ్ళి పగులులో కూర్చుంటుంది.

రీడింగుల్లో కార్బన్ కనిపిస్తూనే ఉంది, రెండేళ్ళుగా. కార్బన్ ఎక్కడైనా ఉండేదే, గ్రిడ్డు మీదే ఉంటుంది అని ఎవరూ దానివైపు చూడలేదు.

మానడం కాదు అది. మసి పూసి మారేడుకాయ చేశాం. చేశాం కాదు. చేశాను.

కాకపోవచ్చు కూడా. పరీక్ష చెయ్యకుండా అనుకోకూడదు.


సెప్టెంబరు 10

కొత్త గ్రిడ్లు ఆరు తీశాను. మూడు డ్రాయర్‌లో, మూడు కొత్త స్టీలు డబ్బాలో పెట్టాను. అన్నాలకు అందరూ వెళ్ళినప్పుడు చేశాను. తలుపు గడియ పెట్టుకున్నాను. నా మిషను దగ్గర నేనే దొంగలాగా.


సెప్టెంబరు 11

స్టీలు డబ్బావి మూడూ చూశాను. ఒక్కొక్కటీ నలభై నిమిషాలు. మానలేదు.


సెప్టెంబరు 12, శుక్రవారం

డ్రాయర్‌లోవి మూడూ మానాయి. తొమ్మిది, పది, తొమ్మిది నిమిషాలు.

ఇంకొకటి కూడా చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఒక పొరలో రెండు పగుళ్ళు తెప్పించి, బీమ్‌ని ఒకదాని మీదే ఉంచాను. అది మూసుకుంది. రెండోదాన్ని ఆఖర్న ఒక్కసారి చూశాను. అది పెదవులు విప్పుకుని అలాగే ఉంది. నేను చూసిన పగులే మూసుకుంది, చూడనిది మూసుకోలేదు. ఈ ఒక్క పరీక్ష రెండేళ్ళ కిందట చేసి ఉంటే అరగంటలో తేలిపోయేది. ఎందుకు చెయ్యలేదంటే ఎవరూ అడగలేదు. మానుతున్నదాన్ని చూడటం మానేసి ఎవరు కూర్చుంటారు?

నా హస్తవాసి ఇదీ. పది రూపాయల పొట్లం.

బిళ్ళ పెట్టలేదు. డ్రాయరు సబ్బునీళ్ళతో కడిగాను.

సోమవారం చెప్తాను. ముందు నీహారికకే చెప్పాలి.


సెప్టెంబరు 15

చెప్పలేదు. ఆ పిల్ల పొద్దున్నుంచీ రీడింగులు ముందేసుకుని కూర్చుంది. పనిలో ఉన్న మనిషిని కదిలించకూడదు.


సెప్టెంబరు 16

చెప్పలేదు. వాన.


సెప్టెంబరు 17

చెబితే ఏం మారుతుంది? నిదానంగా ఆలోచిస్తే ఏమీ మారదు. పొర ఎలాగూ మానదు. వ్యాసం ఎలాగూ పోతుంది. కారణం కర్పూరమైతేనేం, మరొకటైతేనేం? పైగా కర్పూరం అని తెలిస్తే ప్రపంచమంతా నవ్వుతుంది. ఇండియా వాళ్ళు మైక్రోస్కోపుకి పూజ చేసి పగుళ్ళు మాన్పారట అని మీమ్‌లు వేస్తారు. మురళీధర్ గారి పరువు, ఇన్‌స్టిట్యూట్ పరువు, దేశం పరువు!

దేశం పరువు కాపాడుతున్నాడట దేవరాజులు. థూ.

ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది నాకు. రేపటినుంచి ఏ స్కాలరైనా నన్ను హోల్డర్ ముట్టుకోనిస్తాడా? "అన్నా, చేతులు కడుక్కున్నారా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట నేను వినలేను. అసలు కారణం ఇదే. మిగిలినవన్నీ కబుర్లు.


సెప్టెంబరు 18

మధ్యాహ్నం నీహారిక ఫోర్సెప్స్ కోసం వచ్చింది. నేను మిషను దగ్గర ఉన్నాను. తనే నా డ్రాయరు తెరిచింది. తెరిచి, అలాగే నిలబడింది. కడిగినా వాసన పోలేదు. చెక్కకి పట్టేసింది కదా.

"అన్నా, స్వామికి బిళ్ళ పెట్టలే?"

"మర్చిపోయానమ్మా."

"రెండేండ్లల్ల ఎన్నడు మర్వలే మీరు."

"వయసు వస్తోంది కదా" అని నవ్వాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులోకి పోయి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకున్నానో నాకే తెలీదు.

డ్రాయరు మెల్లగా మూసి వెళ్ళిపోయింది. ఫోర్సెప్స్ తీసుకోవడం మర్చిపోయింది. జలుబుగా ఉందని పొద్దున అంది. వాసన తెలిసి ఉండదు.


సెప్టెంబరు 19, శుక్రవారం

టీ దగ్గర నీహారిక నా పక్కన కూర్చుంది. గ్లాసు ఖాళీ అయ్యాక అడిగింది.

"అన్నా, మీరు నాకేమన్న చెప్పాల్నా?"

నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

"ఏముంటుందమ్మా. ధైర్యంగా ఉండు" అన్నాను.

"సరే అన్నా" అని నా గ్లాసు కూడా తనే కడిగి పెట్టింది.


సెప్టెంబరు 22, సోమవారం

కమిటీ. మురళీధర్ గారూ, బయటి నుంచి ఇద్దరూ, మధ్యలో థీసిస్ కమిటీ పెద్ద జయరామన్ సారు. తలుపు దగ్గర కుర్చీలో నేను.

నీహారిక లేచి, ఒక్కొక్క బొమ్మా చూపించింది. పగులులో ఉన్నది వెండి కాదని, కార్బన్ అని తనే తేల్చింది. బీమ్ పడ్డచోటే మూసుకుంటుందని కూడా. నేను తలుపు గడియ పెట్టుకుని చేసిన పరీక్ష తనూ చేసింది, నాలుగు రోజుల్లో. ఎంత చక్కగా చెప్పిందో! థీసిస్ నిలబెట్టుకోవడానికి వచ్చిన పిల్ల, ఆ థీసిస్‌కి తానే తాడు బిగిస్తున్నట్టు చెప్పింది.

జయరామన్ సారు కళ్ళజోడు తీసి అడిగారు. ఈ కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? గ్రిడ్లు ఎవరి దగ్గర ఉండేవి?

తలుపు వైపు చూశాను.

"నా దగ్గరనే సార్" అంది నీహారిక ఇంగ్లీషులో. "నా డెస్క్ మీద పెట్టుకునేదాన్ని. సరిగ్గా శుభ్రం చెయ్యలేదు. తప్పు నాది. దేవరాజులు గారు నేనిచ్చింది చూపించారు, అంతే."

అబద్ధం. గ్రిడ్లు ఏనాడూ ఆ పిల్ల డెస్క్ మీద లేవు.

ఎక్కడిదో కనిపెట్టలేకపోయింది కాబోలు. తన డెస్క్ నుంచే వచ్చిందనుకుంది పాపం.

జయరామన్ సారు నావైపు తిరిగారు. "మీరేమైనా చెప్పాలా?"

లేచి నిలబడ్డాను. నిలబడినందుకైనా ఏదో ఒకటి చెప్పాలి.

"లేదు సార్" అన్నాను.

రెండు మాటలు. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగం, యాభై రెండేళ్ళ బతుకు, ఆ గదిలో నేనన్నది రెండు మాటలు.

వ్యాసం వెనక్కి తీసుకుంటారు. మూడు అధ్యాయాలు కొట్టేశారు. మిగిలిన రెండింటికి పట్టా రాదు. పొడిగింపు లేదు. "విద్యార్థిని నిర్లక్ష్యం" అని మినిట్స్‌లో రాశారు. నా పేరు ఎక్కడా లేదు.


సెప్టెంబరు 23

క్యాంటీన్‌లో ఆంటో, పక్క ల్యాబ్ స్కాలరు, ఎవరితోనో అరవంలో అంటున్నాడు, మేం తీసిన పగులు మానే వీడియో అంతా దొంగ వీడియో అట, ఆ అమ్మాయి కావాలనే చేసిందట. నా ఇడ్లీ ప్లేటు వాళ్ళ బల్ల మీదే ఉంది. ప్లేటు తీసుకుని వేరే బల్లకి వెళ్ళాను.

అరిచి ఉండాల్సింది. వేరే బల్లకి వెళ్ళాను.


సెప్టెంబరు 24

రాజలక్ష్మికి చెప్పాను, నీహారిక చదువు ఆగిపోయిందని. అంతవరకే చెప్పాను. రెండు మూడు ఆదివారాలు ఆ పిల్ల మా ఇంటికొచ్చి వడకరి తిని వెళ్ళింది. రాజలక్ష్మికి ప్రాణం.

"అయ్యో కడవుళే! ఆరేళ్ళు చదివిన బిడ్డ! ఎవరు చేసినారో గానీ ఆ బిడ్డ నోట్లో మన్ను కొట్టినోళ్ళు బాగుపడరు. చూస్తా ఉండండి, వాళ్ళ చెయ్యి విరిగిపోతుంది."

కంచంలో చెయ్యి అలాగే ఉంది నాది.

"ఏం, అన్నం తినరా? బాగలేదా?"

"బాగుంది" అన్నాను. తిన్నాను. మజ్జిగ కూడా పోయించుకున్నాను. ఇంత జరిగాక కూడా ఆకలేస్తుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.


సెప్టెంబరు 25

ఇంకా టైముంది. ఆ పిల్ల సోమవారం దాకా ఊళ్ళోనే ఉంటుంది. జయరామన్ సారుకి ఉత్తరం రాస్తే మినిట్స్ మార్చవచ్చు. పట్టా రాకపోయినా పేరైనా మిగులుతుంది. నిర్లక్ష్యం అన్న మాటతో ఆ పిల్లకి ఇంకొక చోట సీటు రాదు.

ఉత్తరం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన" దగ్గర ఆగింది.


సెప్టెంబరు 26, శుక్రవారం

శుక్రవారం.


సెప్టెంబరు 29, సోమవారం

నీహారిక వెళ్ళిపోయింది. సాయంత్రం బండికి.

మధ్యాహ్నం ల్యాబ్‌కి వచ్చింది, భుజానికి బ్యాగు, చేతిలో పాత పుస్తకాల అట్టపెట్టె. మైక్రోస్కోపు బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. మిషను చల్లగా గుయ్యిమంటోంది. దానికేం, అదెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"ఇంటికి పోయి ఏం చేస్తావమ్మా?"

"మా మేనత్త బడి ఉంది కదన్నా. తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పమంటుంది." నవ్వింది. "సబ్లిమేషన్ చెప్త."

నేనూ నవ్వాను. ఏ మొహం పెట్టుకుని నవ్వానో.

బ్యాగులోంచి న్యూస్‌పేపర్‌లో చుట్టిన చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"ఆయుధపూజకన్నా. ఎల్లుండి తెరువుండ్రి."

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"నాలుగేండ్లు నాకు చూపించిన్రు కదా, ఎవ్వలు చూడనియి." నా చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. వదిలేదాకా నావైపే చూసింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. గదిలో ఇంకెవరూ లేరు, మిషను తప్ప.

"బండికి టైమవుతుందమ్మా" అన్నాను.


అక్టోబరు 1, బుధవారం. ఆయుధపూజ

వరండాలో బల్ల వేసి, స్క్రూడ్రైవర్లూ ఫోర్సెప్సూ పాత హోల్డరూ పేర్చి పసుపు కుంకుమ పెట్టారు. మరమరాలు, శనగలు, అరటిపండ్లు. అందరూ ఉన్నారు. మురళీధర్ గారికి ఆ విషయం పది రోజుల పాత కబురు అయిపోయింది అప్పుడే.

"దేవరాజులూ, నీ హస్తవాసితోనే వెలిగించవయ్యా. వచ్చే ఏడాదైనా కలిసి రావాలి."

నీహారిక ఇచ్చిన డబ్బా విప్పాను. నిండా కర్పూరం బిళ్ళలు.

బిళ్ళల మధ్య మిరియాలు.

చేత్తో పక్కకి జరిపి చూశాను. తొమ్మిది మిరియాలు. అందరిళ్ళలోనూ వేస్తారు. మా ఇంట్లో వేస్తారు, వాళ్ళ ఇంట్లోనూ వేస్తారు. వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది. అంగడివాడే వేసి ఉంటాడు.

అంగడివాడు ఎక్కడైనా వేస్తాడా? కొత్త పొట్లం విప్పి డబ్బాలో పోసి, మిరియాలు విడిగా కొని, లెక్కపెట్టి వేసింది.

డ్రాయరు తెరిచి నిలబడ్డ రోజే తెలుసు ఆ పిల్లకి. తెలిసే టీ దగ్గర అడిగింది. తెలిసే నా గ్లాసు కడిగింది. తెలిసే నలుగురి ముందు లేచి, గ్రిడ్లు తన డెస్క్ మీద ఉండేవంది. నేను లేచి, లేదు సార్ అన్నాను. ఆ లేదు సార్ కూడా విన్నది.

"ఏమైందయ్యా, వెలిగించు" అన్నారు మురళీధర్ గారు.

మిరియాలు ఏరి చొక్కా జేబులో వేసుకుని వెలిగించాను. అందరూ కళ్ళకద్దుకున్నారు. పళ్ళెం అడుగున నల్లగా మసి పట్టింది. చాలాసేపు దాన్నే తుడిచాను.

మధ్యాహ్నం టెర్రస్ మీదికి వెళ్ళి ఫోన్ చేశాను. మూడో రింగుకే ఎత్తింది.

"చేరావా అమ్మా?"

"నిన్ననే చేరిన అన్నా. పూజ మంచిగైందా?"

"అయింది. డబ్బాలో మిరియాలున్నాయి."

"వెయ్యాలె అన్నా. వెయ్యకుంటే అది ఎటు పోయిందో ఎవ్వలకు తెల్వది."

ఆ మాట అని ఆగింది. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేది. అటువైపు ఎవరో పిల్లలు అరుస్తున్నారు, ఎక్కడో కుక్కర్ కూసింది. నేనేమైనా అంటానని ఆగింది. ఇంకా ఆగింది. ఫోన్ చెవికి ఆనించుకుని గిండీ వైపు పోతున్న రైలుని చూస్తూ నిలబడ్డాను. చివరి పెట్టె కూడా దాటిపోయింది.

"ఒళ్ళు జాగ్రత్తమ్మా" అన్నాను.

"సరే అన్నా" అంది. తనే పెట్టేసింది.

అప్పుడు కూడా చెప్పలేదు.